అక్షరం ఎవరి సొత్తు? – 11: కామ్లూప్స్ గీతలు



పోయిన భాగంలో మన వాడల్లోకి మిషన్ బడి వచ్చిన తీరు రాశాను. అది చదివి ఒక ఎం.ఏ. విద్యార్థి ఫోన్ చేశాడు. "సార్, దొరలు రాకపోతే మనకు అక్షరం ఎక్కడిది?" అన్నాడు. ఆ మర్నాడే ఆదివాసీ హక్కుల మీద పనిచేసే తమ్ముడొకడు "మిషనరీలు చేసిన విధ్వంసం గురించి ఎందుకు రాయవన్నా?" అని నిలదీశాడు. ఇద్దరివీ న్యాయమైన ప్రశ్నలే. ఇద్దరికీ కలిపి ఒక పత్రిక కథ చెబుతాను. మన దేశంలోది కాదు. కెనడాలో షార్ట్‌హ్యాండులో అచ్చయిన పత్రిక.

షార్ట్‌హ్యాండ్ అంటే మనకు గుర్తొచ్చేది బస్టాండు పక్క మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్, లోయరు, హయ్యరు పరీక్షలు, స్టెనో పోస్టుల నోటిఫికేషన్. ఆఫీసరు నోట్లోంచి వచ్చే మాటను పట్టుకోవడానికి నేర్చుకునే గీతలవి. రాసేవాడి సొంత మాటకు అందులో చోటుండదు. కామ్లూప్స్ చుట్టుపక్కల జనం మాత్రం షార్ట్‌హ్యాండునే తమ మొదటి లిపిగా నేర్చుకున్నారు. అందులోనే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. చనిపోయినవాళ్ళ సమాధి రాళ్ళ మీద కూడా కొన్నిచోట్ల ఆ గీతలే చెక్కారు.

కెనడా పడమటి కొసన బ్రిటిష్ కొలంబియా ఉంది. అక్కడ థాంప్సన్ నది రెండు పాయలు కలిసే చోట కామ్లూప్స్ ఊరు. ఆ నేల సెక్వెపెమ్క్ ప్రజలది. తెల్లవాళ్ళు వాళ్ళను షుస్వాప్ అన్నారు. దక్షిణాన, పడమటన న్లకాపముఖ్, ఒకనగన్ వంటి జాతులున్నాయి. 1858లో ఫ్రేజర్ నదిలో బంగారం దొరికిందని వేలమంది తెల్లవాళ్ళు ఎగబడ్డారు. 1862లో మశూచి ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. 1885కల్లా పసిఫిక్ రైలు మార్గం పూర్తయింది. నేల సొంతదారుల్ని "రిజర్వ్" అనే ముక్కల్లోకి నెట్టారు. మన చెవికి రిజర్వేషన్ అంటే హక్కు, అక్కడ రిజర్వ్ అంటే మిగిల్చిన ముక్క. రికార్డుల్లో వాళ్ళ పేరు "ఇండియన్లు". కొలంబస్ తప్పుకు మన దేశం పేరు వాళ్ళ నెత్తిన పడింది.

ఈ జాతుల భాషలు వేరువేరు. మధ్యలో అందరికీ పనికొచ్చిన సంత భాష ఒకటుండేది, చినూక్ జార్గన్. కొలంబియా నది దిగువన వ్యాపారంలో పుట్టి పైకి పాకింది. చినూక్ మాటలు, నూట్కా మాటలు, సేలిష్ మాటలు, ఫ్రెంచి, ఇంగ్లీషు అన్నీ కలిసి కాగిన కుండ అది. గుండెకు "తమ్‌తమ్". అది కొట్టుకునే చప్పుడే దాని పేరు. తిండికి "మక్‌మక్", పెద్దకు "తాయీ", అమెరికావాడికి "బోస్టన్", ఇంగ్లీషువాడికి "కింగ్ జార్జ్ మనిషి". మాటకు "వావా". ఆ చివరి పదమే పత్రిక పేరైంది: కామ్లూప్స్ వావా. మొదటి సంచిక 1891 మే నెలలో వచ్చింది.

దాన్ని తెచ్చినవాడు జాన్ మరీ రఫేల్ లె జ్యున్ అనే కాథలిక్ ఫాదరు, ఓబ్లేట్ సభ మనిషి. 1855లో ఫ్రాన్సులోని బ్రెటనీలో పుట్టాడు. 1879లో బ్రిటిష్ కొలంబియా చేరాడు. బ్రెటనీ బడుల్లో బ్రెటన్ భాష మాట్లాడిన పిల్లల్ని ఫ్రెంచి పేరుతో అవమానించిన కాలమది. ఆయన దాన్ని గుర్తుపెట్టుకున్నాడో లేదో గాని, వచ్చిన చోట స్థానిక భాషల్లోనే ప్రార్థనలు నేర్పాడు. అప్పటికి ఫ్రాన్సులో ఎమిల్ దుప్లోయే తయారుచేసిన షార్ట్‌హ్యాండు ప్రచారంలో ఉంది. 1860లో పుస్తకంగా వచ్చింది. గీతలు, వంపులు, సున్నాలు, అంతే. పలికిన ధ్వనే రాస్తాం, స్పెల్లింగు గొడవ లేదు. ఫాదరు దాన్నే చినూక్ భాషకు తొడిగాడు.

"ఫాదరు నేర్పాడు, వాళ్ళు నేర్చుకున్నారు" అని ఇక్కడ ఒక వాక్యం రాసి ముందుకు పోవచ్చు. చాలా పుస్తకాలు అలాగే పోతాయి. కాని ఫాదరు స్వయంగా చెప్పిన వృత్తాంతంలోనే ఇంకో మనిషి ఉన్నాడు. చార్లీ అలెక్సిస్ మాయూస్. నికోలా లోయ మనిషి, నడక సరిగా లేని వికలాంగుడు. 1890లో షార్ట్‌హ్యాండులో రాసిన ప్రార్థనల కాగితాలు అతని కంటబడ్డాయి. చూసీ చూడగానే కిటుకు పట్టేశాడు. రెండు నెలలు తిరక్కముందే ఆ కాగితాల్లోని ప్రతి మాటా చదివేశాడు. తర్వాత చుట్టాలకు, స్నేహితులకు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు ఇంకొకరికి నేర్పారు. బడి లేదు, బెంచీ లేదు, హాజరుపట్టీ లేదు. చలికాలం ఇళ్ళల్లో, గుడారాల్లో, ఒకరి నుంచి ఒకరికి పాకింది. లె జ్యున్ లెక్క ప్రకారం కొన్నేళ్ళలో చదవగలిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఫాదర్ల లెక్కల్ని నేను కొంచెం తగ్గించే చదువుతాను. పైవాళ్ళకు పంపే రిపోర్టుల్లో అంకెలు ఉబ్బుతాయని మన మిషన్ చరిత్ర చదివినవాళ్ళకూ తెలుసు. సగం తీసేసినా అది చిన్న సంగతి కాదు.

నా విద్యార్థి ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబుంది. "దొర ఇచ్చాడు" అనే వాక్యంలో వ్యాకరణం తప్పలేదు, కర్త తప్పాడు. కాగితం ఫాదరుది. ఆ లిపిని ఊరూరా తిప్పింది మాయూస్, అతని చుట్టాలు.

పత్రిక అచ్చు సంగతి కూడా చెప్పాలి. కామ్లూప్స్‌లో ఆ గీతలకు అచ్చు అక్షరాలు ఎవరు పోస్తారు? అందుకే మైనపు కాగితం మీద చేత్తో రాసి, మిమియోగ్రాఫు మీద కాపీలు తీశారు. మన విద్యార్థి సంఘాలు సైక్లోస్టైల్ కరపత్రాలు తీసిన పద్ధతే. మడత పెట్టడం, కుట్టడం వంటి చేతిపనిలో స్థానిక స్త్రీలు సాయం చేసేవారు. వాళ్ళ పేర్లు అట్ట మీద ఎక్కలేదు. పత్రిక మొదట్లో వారానికొకటి, తర్వాత నెలకొకటి. లోపల బైబిలు కథలు, పునీతుల చరిత్రలు, పాటలు, ఏ ఊళ్ళో ఎవరికి జబ్బు, ఎవరు పోయారు అన్న కబుర్లు. తెల్లవాళ్ళు, ఇండియన్లు, చైనావాళ్ళు ఎవరైనా సరే, త్వరగా రాయడం నేర్చుకోదలచిన అందరి కోసం అని మొదటి సంచికే చెప్పుకుంది. 1898లో ఫాదరు వేసిన చిన్న పుస్తకమైతే, గురువు లేకుండా కొన్ని గంటల్లోనే ఈ భాషా, ఈ లిపీ వచ్చేస్తాయని పేరులోనే హామీ ఇచ్చింది. మన "ముప్పై రోజుల్లో ఇంగ్లీషు" పుస్తకాలకు తాత అది.

ఫాదరుకు కావలసింది పాఠకులు. ప్రార్థన చదివితే చాలు. వాళ్ళు మాత్రం పాఠకులుగా ఆగలేదు. కలం పట్టారు. ఆ గీతల్లో వాళ్ళు రాసిన ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. విక్టోరియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ రాబర్ట్‌సన్ అనే భాషావేత్త వాటి ఆధారంగా 2011లో పరిశోధన గ్రంథం రాశాడు. గొప్ప విప్లవ పత్రాలేమీ కావవి. జబ్బు సంగతులు, డబ్బు సంగతులు, మంచిచెడ్డలు. మామూలు మనిషి మామూలు కబురు తన చేత్తో రాసి పంపడమే నాకు అందులో పెద్ద విషయం.

మా నాయనమ్మ గుర్తొస్తుంది. కీర్తనల గ్రంథం గడగడా చదివేది. బైబిల్ స్త్రీ నేర్పిన చదువు. రాయడం మాత్రం రాదు. ఎవరూ నేర్పలేదు, అవసరమని ఎవరికీ తోచలేదు. పొలం కాగితం మీద వేలిముద్రే వేసింది. "చదువొచ్చు కదా, ఆ కాగితం చదివి వెయ్యలేదా నాయనమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను. "అది బైబులు రాత కాదురా, కరణం రాత" అంది. కరణాల గొలుసుకట్టు చూసినవాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి జారిపోయే రాత. అచ్చు అక్షరం మాత్రమే వచ్చినవాళ్ళకు అందని రాత. 1984లో కరణీకాలు పోయేదాకా మన ఊళ్ళ భూమి ఆ గొలుసులోనే ఉంది. వేగంగా రాసే లిపి మన దగ్గర కరణం చేతిలో ఉంటే, కామ్లూప్స్‌లో బీదల చేతికొచ్చింది. నేను ఈ కథ పట్టుకోవడానికి కారణం ఇదే.

అయితే తమ్ముడి ప్రశ్న అలాగే ఉంది. దాన్ని దాటేసి పోలేను.

గీతలు నేర్పిన ఈ సభే ఊళ్ళ మీద కాపలా కూడా పెట్టింది. బిషప్పు పాల్ దురియూ పేరుతో పిలిచే పద్ధతి ఒకటి నడిచింది. ఊరి మనుషుల్లోంచే కావలివాళ్ళను పెట్టి, తాగినా, పాత వైద్యుడి దగ్గరికి పోయినా, పాత పండుగ చేసినా పట్టించి శిక్ష వేయించేవారు. పాట్‌లాచ్ అనే పంపకాల పండుగను కెనడా ప్రభుత్వం 1884లో చట్టం చేసి, 1885 నుంచి నేరంగా మార్చింది. కూడబెట్టినదంతా పదిమందికి పంచితే గౌరవం పెరిగే పండుగ అది. "పాట్‌లాచ్" అంటే చినూక్ జార్గన్‌లో ఇవ్వడం. ఇవ్వడాన్ని నేరం చేసినవాళ్ళు 1951 దాకా ఆ నిషేధం తీయలేదు. చర్చి ఆ నిషేధం వైపే నిలబడింది.

ఇక బడి. పత్రిక మొదలవడానికి ఏడాది ముందు, 1890లో కామ్లూప్స్‌లో ఇండియన్ రెసిడెన్షియల్ స్కూలు తెరిచారు. 1893 నుంచి దాన్ని నడిపింది ఓబ్లేట్లే. లె జ్యున్ సభే. పిల్లల్ని ఇంటి నుంచి విడదీసి, సొంత భాష మాట్లాడితే దండించిన బడుల్లో అదొకటి. తర్వాతి కాలంలో కెనడాలోని అలాంటి బడుల్లో అతి పెద్దదైంది. అది 1978లో మూతపడింది. 2021 మేలో అక్కడి సెక్వెపెమ్క్ సమాజం, రాడార్ సర్వేలో గుర్తులేని పిల్లల సమాధులుగా భావిస్తున్న 215 జాడలు కనిపించాయని ప్రకటించింది. తర్వాత ఆ సంఖ్యను 200కు సరిచేశారు. రాడార్ చూపేది నేలలోని తేడాను మాత్రమే కాబట్టి జాడలు అనే రాస్తున్నాను. తల్లిదండ్రులకు వాళ్ళ నోటి మాటలో పత్రిక, పిల్లలకు ఆ నోరు మూయించే బడి. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే సభ కింద. లె జ్యున్ మంచివాడా చెడ్డవాడా అనే తీర్పు నాకు ముఖ్యం కాదు. ఆ రెండూ పక్కపక్కన ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయన్నది ముఖ్యం.

ఇంకో చిక్కు లిపిలోనే ఉంది. షార్ట్‌హ్యాండు వచ్చినవాడు వావా చదవగలడు, తోటివాడి ఉత్తరం చదవగలడు. భూమి ఆఫీసు నోటీసు, కోర్టు కాగితం, తెల్లవాళ్ళ పత్రిక చదవలేడు. పత్రికలో ఇంగ్లీషు కూడా కొంత ఉండేది నిజమే. కాని అధికారం నడిచే లిపి వేరు. 1910 ఆగస్టు 25న ప్రధాని విల్ఫ్రిడ్ లారియర్ కామ్లూప్స్ వచ్చినప్పుడు షుస్వాప్, ఒకనగన్, థాంప్సన్ జాతుల పెద్దలు ఒక విజ్ఞాపన ఇచ్చారు. మా భూమికి మేం ఒప్పందం రాసివ్వలేదు, అడక్కుండా తీసుకున్నారు అన్నది దాని సారం. దాన్ని ఇంగ్లీషులో కాగితం మీద పెట్టినవాడు జేమ్స్ టీట్. షెట్లాండ్ దీవుల్లో పుట్టి, న్లకాపముఖ్ స్త్రీని పెళ్ళాడి, వాళ్ళ భాషలు నేర్చుకున్న మనిషి, వాళ్ళ నమ్మకం సంపాదించినవాడు. మాట పెద్దలది, రాత టీట్‌ది. ఇరవై ఏళ్ళుగా రాయడం వచ్చిన జనం, ప్రధానితో మాట్లాడాల్సిన రోజున ఇంకొకరి చేతిని అరువు తీసుకోవాల్సి వచ్చింది. అప్పటికే వావా కూడా పలచబడిపోయింది. బడి నుంచి వచ్చిన కొత్త తరానికి ఇంగ్లీషు తప్ప దారి లేకపోయింది. సంత భాష తగ్గిపోయింది, దాంతోపాటే గీతలూ పోయాయి.

కామ్లూప్స్‌కు ముందూ ఇలాంటిది జరిగింది. 1840లో ఇప్పటి మానిటోబాలోని నార్వే హౌస్‌లో జేమ్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు పాదిరి క్రీ భాషకు లిపి అచ్చు వేశాడు. టీ పెట్టెల లోపలి సీసం రేకు కరిగించి అచ్చులు పోశాడంటారు. ఆయనకు పిట్‌మన్ షార్ట్‌హ్యాండు తెలుసు, దేవనాగరి పరిచయమూ ఉంది. ఒక హల్లుకు ఒక ఆకారం, దాన్ని నాలుగు వైపులా తిప్పితే నాలుగు అచ్చులు. మన గుణింతం లాంటిదే, గుర్తు తగిలించే బదులు అక్షరాన్నే తిప్పుతారు. క్రీ పెద్దలు మాత్రం ఆ కథ ఒప్పుకోరు. ఆ లిపి తమ మనిషి మిస్తనస్కోవేవ్‌కు ఆత్మల లోకంలో దొరికిందని వాళ్ళు చెప్పుకుంటారు. అచ్చు యంత్రం ఎవరిదో రికార్డు చెబుతుంది. లిపి ఎవరిదన్న తగాదా మాత్రం ఇంకా తెగలేదు. క్రీ జనం ఈ రోజుకీ ఆ లిపిలో రాస్తున్నారు.

అలాంటి తగాదా మన సరిహద్దులోనూ ఉంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాశాడు. 1936లో మంగై గొమాంగో అనే సవర మనిషి ఆ పుస్తకాల లిపి కాదని తమకంటూ సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తెచ్చాడు. పంతులు అంత కష్టపడి ఇచ్చాక మళ్ళీ ఇంకో లిపి ఎందుకు? వచ్చే భాగం అక్కడ మొదలుపెడతాను.

(ఇంకా ఉంది)