పిస్తోలుకీ పంపు స్టవ్వుకీ చుట్టరికం

మా అమ్మకి తుపాకులంటే భయం. తుపాకీ బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా గోడకి తగిలించనిచ్చేది కాదు. అటువంటి ఇంట్లోకి మా నాన్నగారు ఓ శివరాత్రి వెళ్ళిన మర్నాడు గాలి పిస్తోలు తెచ్చి బల్లమీద పెట్టారు. ముందురోజు కోటప్పకొండ తిరునాళ్ళలో పది గుళ్ళకి ఎనిమిది బుడగలు పేల్చారట. ఆ ఊపు మీద, గుంటూరు నుంచి బదిలీ మీద వెళ్ళిపోతున్న స్నేహితుడి దగ్గర పాతది కొనేశారు.

"ఇది తుపాకీ కాదే, ఉత్తి గాలి!" అన్నారు.

"గాలికే దీపం ఆరేది," అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది కాబోలు, చాలా ఏళ్ళ తరవాత ఈ ఉత్తి గాలి కథేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. కథ మొదలయ్యేది మన వంటింట్లోనే అనిపించింది. ఊదుగొట్టంతో పొయ్యి ఊదని ఇల్లాలు ఒకప్పుడు ఉండేది కాదు కదా! గొట్టంలో గాలి నెడితే ముందున్నది కదులుతుందన్నదే అసలు సూత్రం. దానికి కమ్మరి కొలిమితిత్తి తోడయింది. పూర్వం యూరప్‌లో తుపాకీ మడమలోనే చిన్న తిత్తి అమర్చి, దాన్ని స్ప్రింగుతో నొక్కించి, ఆ గాలితో బాణాలు వదిలేవారు.

ఇదంతా దొరబిడ్డల వినోదం. యుద్ధానికి పనికొచ్చేది కూడా ఒకటి తయారయింది. 1780 ప్రాంతంలో జిరాండోని అనే పనివాడి గాలి తుపాకీని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. దాని మడమే గాలితొట్టి. అది నిండాలంటే చేతిపంపు సుమారు 1500 సార్లు కొట్టాలి. సైకిలు చక్రానికి యాభైసార్లు కొట్టేసరికే మావారు ఆయాసపడతారు! గాలి పోకుండా అందులో పెట్టిన తోలుముక్కల్ని ఎప్పుడూ తడిగా ఉంచాలి. ఎండితే గాలీ పోయె, తుపాకీ పరువూ పోయె. 1815 నాటికి ఆ సైన్యం దాన్ని పక్కన పెట్టేసింది.

అమెరికాలో పడమటి ప్రాంతాలు చూసి రావడానికి బయల్దేరిన మెరివెదర్ లూయిస్ కూడా ఒక గాలి తుపాకీ వెంట తీసుకెళ్ళాడు. 1803 ఆగస్టు చివర పిట్స్‌బర్గ్ నుంచి పడవలో బయల్దేరి, దగ్గర్లోనే ఒక లంకలో ఆగి, అక్కడివారికి దాన్ని పేల్చి చూపించాడు. తరవాత అలవాటు లేని ఇంకొకాయన చేతికిచ్చాడు. అది కాస్తా పేలింది. నలభై గజాల దూరంలో ఉన్న ఒక ఆడమనిషి టోపీలోంచి దూసుకుపోయి గుండు ఆమె కణత చీరింది. నెత్తురు కారుతూ కూలిపోయింది. చచ్చిపోయిందనే అనుకున్నారు. అదృష్టం, తేరుకుంది. ఇదంతా లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు. "ఉత్తి గాలి" అనేవాళ్ళందరికీ ఆ పుట చూపించాలనిపిస్తుంది నాకు.

తిరునాళ్ళలో మనం చూసే స్ప్రింగు తుపాకీ దారి వేరు. దీనికి ముందుగా గాలి నింపి పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ప్లిమత్ అనే ఊళ్ళో 1882లో రైతులకి ఇనప గాలిమరలు చేసే కంపెనీ పెట్టారు. మరలు సరిగ్గా అమ్ముడుపోలేదు. 1886లో క్లారెన్స్ హామిల్టన్ అనే ఆయన లోహంతో చేసిన చిన్న గాలి తుపాకీ పట్టుకొచ్చాడు. మర కొన్న రైతుకి తుపాకీ ఉచితం అన్నారు. సబ్బుపొడి కొంటే చెంచా ఇచ్చినట్టే! తీరా చూస్తే జనానికి చెంచాయే నచ్చింది. చివరికి మరలు మానేసి, 1895లో కంపెనీ పేరే 'డైసీ' అని తుపాకీ పేరుకి మార్చేసుకున్నారు. ఇంగ్లండులో వెబ్లీ వారి గాలి పిస్తోలు 1924లో వచ్చింది.

మన దేశంలో 1878 ఆయుధాల చట్టం వచ్చాక మామూలు సంసారి లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకునే వీల్లేకపోయింది. గాలి తుపాకీ సంగతి వేరు. 2016 నిబంధనల ప్రకారం గొట్టం 0.177 అంగుళాలకీ, గుండు శక్తి 20 జౌల్స్‌కీ మించకపోతే దానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇక మా పిస్తోలు సంగతి. నాన్నగారు పెరట్లో అట్టముక్క కట్టి నెలరోజులు కాల్చారు. ఎవరైనా వస్తే గుండు లేకుండానే "టప్" మనిపించి చూపించేవారు. అది తప్పని తరవాత తెలిసింది. లోపల స్ప్రింగు తోసే ముషలకాన్ని గుండు వెనకాల చిక్కుకున్న గాలే మెత్తగా ఆపుతుంది. గుండు లేకపోతే అది ఇనుముకి ఇనుము తగిలేలా పోయి గుద్దుకుంటుంది. ఎక్కుపెట్టి రాత్రంతా వదిలేసినా స్ప్రింగు నీరసిస్తుంది.

ఎండలు ముదిరి, మేడమీద ఎండు మిరపకాయలు ఆరబోసే రోజులకి పిస్తోలు నీరుగారిపోయింది. గుండు అట్ట దాకా వెళ్ళి కిందపడేది. స్ప్రింగు పోయిందన్నారు నాన్నగారు. అమ్మ ఆ చప్పుడు విని, "స్ప్రింగు కాదండీ, 'ఫుస్' మంటోంది. మన స్టవ్వు పంపు కూడా ఇలాగే అంటుంది. వాషరు ఎండిపోయుంటుంది," అంది.

నిజమే కదా! పంపు స్టవ్వు 1892లో స్వీడన్లో పుట్టిన ప్రైమస్ సంతానం. పంపు కాడ చివర గిన్నెలా వంగిన తోలు వాషరు ఉంటుంది. మా పిస్తోలు ముషలకానికీ అదే. మెత్తగా ఉంటేనే అంచు గొట్టానికి అతుక్కుని గాలిని నెడుతుంది. ఎండితే పక్కల్నించి జారిపోతుంది.

"బాగుచేసి పెడతాను. పిట్టల జోలికి వెళ్ళనంటేనే," అంది అమ్మ. అంతకు వారం ముందు మిరపకాయల మీద వాలిన గువ్వని నాన్నగారు కొట్టారు. అది చావలేదు. రెక్క ఈడ్చుకుంటూ తులసికోట వెనక రెండు రోజులు బతికింది. అమ్మ ఆ రెండు రోజులూ ఆయనతో మాట్లాడలేదు. నాన్నగారు తలవంచుకుని "సరే" అన్నారు.

నొక్కిపెట్టిన స్ప్రింగు విప్పేటప్పుడు ఎగిరి కన్ను పొడిచేయగలదు. అందుకని సైకిలు షాపులో బిగించి విప్పించారు. తోలు అట్టలా బిరుసెక్కి ఉంది. అమ్మ దాన్ని రాత్రంతా కొబ్బరినూనెలో నానేసి, పొద్దున్నే గుడ్డతో బాగా ఒత్తి ఇచ్చింది. నాన్నగారు ఇంకో నాలుగు చుక్కలు పోశారు, ఆగలేక. మొదటి దెబ్బకి ఢామ్మని పొగ వచ్చింది. గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే వేడెక్కి, మిగిలిన నూనె అంటుకుంటుంది. డీజిలింజను పనిచేసేదీ అలాగే. నాలుగైదు గుళ్ళయ్యాక పొగ తగ్గింది. అట్టకి మళ్ళీ చిల్లులు పడ్డాయి. ఆయన మాట మీద నిలబడ్డారు.

2021లో టోక్యో పోటీల్లో మను భాకర్ పిస్తోలు మధ్యలో మొరాయించి, విలువైన నిమిషాలు పోయి ఆ అమ్మాయి ఫైనల్‌కి వెళ్ళలేకపోయిందని చదివినప్పుడు నాకు మా పెరడు గుర్తొచ్చింది. ఆమెది స్ప్రింగు పిస్తోలు కాదు, ముందుగా నింపిన గాలితో పనిచేసేది. పనిముట్టు మొండికేస్తే ఎవరి బాధైనా ఒకటే. 2024లో పారిస్‌లో పది మీటర్ల పోటీలో ఆమెకి కంచు పతకం వచ్చినరోజు అమ్మ ఉంటే ఏమనేదో!

ఈమధ్య శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాం. ఇప్పుడది పల్నాడు జిల్లా. ప్రభల వెలుగులో బుడగల అట్ట కనిపిస్తే మనవడు కొంగు పట్టుకు లాగాడు. వాడు కాల్చిన రెండు గుళ్ళూ నీరసంగా పోయాయి. 'ఫుస్' మన్న చప్పుడు నాకు తెలుసు.

"బాబూ, వాషరుకి నూనె పెట్టావా?" అన్నాను.

ఆ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఇప్పుడు తోలుది ఎక్కడుందమ్మా, ప్లాస్టిక్కుదే. ఇది అరిగింది. మార్చాలి," అని, ఇంకో తుపాకీ తీసి వాడి చేతికిచ్చాడు.