కలప పిండి, కరెంటు: బేకలైటు స్విచ్చి వెనుక చరిత్ర

పాత ఇళ్ళ గోడల మీద కనిపించే నల్లని, గుండ్రని స్విచ్చిని బేకలైటు స్విచ్చి అనడం అలవాటు. పూర్తిగా రసాయనాలతో తయారైన తొలి ప్లాస్టిక్కుగా బేకలైటుకు చరిత్రలో స్థానం ఉంది. అయితే అటువంటి స్విచ్చి బరువులో సుమారు సగం కలపదే. తడిస్తే కరెంటును పారనిచ్చే కలప, కరెంటును ఆపవలసిన వస్తువులోకి ఎలా ప్రవేశించింది?

పంతొమ్మిదవ శతాబ్దం చివరలో విద్యుత్ పరిశ్రమకు తీగచుట్టల మీద పూయడానికి విద్యుద్బంధకాలు, అంటే ఇన్సులేటర్లు, విస్తారంగా కావలసివచ్చాయి. వాటిలో ముఖ్యమైనది లక్క నుండి తీసే షెల్లాక్. అందులో అధికభాగం భారతదేశం నుండే, ముఖ్యంగా ఛోటా నాగపూర్ అడవుల నుండి ఎగుమతి అయ్యేది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే. పురుగు ఇచ్చినంతే సరుకు కనుక, గిరాకీకి తగ్గట్టు దిగుబడిని పెంచడం సాధ్యం కాలేదు. ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట ఇక్కడే మొదలయింది.

బెల్జియంలోని ఘెంట్‌లో 1863లో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్, తన వెలాక్స్ ఫోటో కాగితాన్ని 1899లో ఈస్ట్‌మన్‌కు అమ్మి, న్యూయార్క్ సమీపాన యాంకర్స్‌లోని ఇంట్లో ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు. ఫినాల్, ఆల్డిహైడ్ల చర్యలో జిగురు ముద్ద ఏర్పడుతుందని 1872లోనే అడాల్ఫ్ ఫాన్ బేయర్ గమనించాడు. బేక్‌లాండ్ తొలి ప్రయత్నాలలో ఒకటి, మెత్తని కలపలోకి ఈ ద్రవాన్ని ఎక్కించి గట్టిపరచడం. కలపను గట్టిపరచబోయి, తనంత తానే గట్టిపడే రెజిన్‌ను అతను గుర్తించాడు. చర్యలో పుట్టే ఆవిరి బుడగలు కట్టకుండా మూసిన పాత్రలో ఒత్తిడితో వేడిచేయడం అతని కీలకమైన ఉపాయం. 1907 జూలైలో దరఖాస్తు చేసిన పేటెంటు 1909 డిసెంబరులో మంజూరయింది.

పక్కకు తప్పుకున్న కలప వెంటనే తిరిగివచ్చింది. ఒట్టి రెజిన్ పెళుసు. అచ్చులో కుదించుకుపోయి పగులుతుంది. మెత్తగా విసిరిన కలప పిండిని కలిపితే నారలు పగుళ్ళను అడ్డుకుంటాయి, ఖర్చూ తగ్గుతుంది. చౌకబారు కల్తీలా కనిపించే ఈ పిండే బేకలైటును రోజువారీ వాడకానికి పనికివచ్చేలా చేసింది.

దీనికి చెల్లించిన మూల్యం విద్యుత్ గుణంలో కనిపిస్తుంది. కలపలోని సెల్యులోజు నీటిని ఆకర్షిస్తుంది. పూర్తిగా ఎండిన కలప మంచి విద్యుద్బంధకం. నారల గోడలు నీటితో నిండేసరికి దాని నిరోధం వెయ్యి కోట్ల రెట్లకు పైగా పడిపోతుంది. రెజిన్ ప్రతి నార చుట్టూ పొరలా నిలిచినంతకాలం ప్రమాదం లేదు. కోసిన అంచుల వద్ద, గీతలు పడిన చోట తేమ లోపలికి చేరుతుంది. నారలు ఒకదానికొకటి తగిలితే దానికి దారి దొరుకుతుంది. పైగా ఉపరితలం మీద నిప్పురవ్వలు పుడితే ఫినాలిక్ రెజిన్ మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు గీతే కరెంటుకు బాట. అందుకే ఇళ్ళలోని స్విచ్చులకు కలప పిండి సరిపోయినా, అధిక పౌనఃపున్యాలతో పనిచేసే రేడియో భాగాలకు అభ్రకం కలిపిన బేకలైటును వాడవలసివచ్చింది.

ఆ అభ్రకానికీ పోటీగా కలప మరో రూపంలో వచ్చింది. వెస్టింగ్‌హౌస్ ఉద్యోగులు డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్‌లు రెజిన్‌లో తడిపిన పొరలను ఒత్తి చేసిన పలక, ఇంగ్లీషులో 'అభ్రకానికి బదులు' అనే అర్థం నుండే ఫార్మికా అనే పేరు తెచ్చుకుంది. కాగితం పొరల ఫినాలిక్ పలకలే తరువాతి కాలంలో రేడియోలు, టీవీల గోధుమరంగు సర్క్యూట్ బోర్డులయ్యాయి.

లక్క మాత్రం ఒక్కసారిగా కనుమరుగు కాలేదు. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది. వినైల్ వచ్చేవరకు గ్రామఫోను రికార్డులు లక్కనే నమ్ముకున్నాయి. కాని కరెంటు ప్రపంచంలో దాని ప్రాభవం క్రమంగా తగ్గి, అడవిలో లక్క సేకరించేవారి జీవనం ఎక్కడో యాంకర్స్‌లో జరిగిన ప్రయోగంతో ముడిపడింది.

నేడు పాలిథీన్, పాలిప్రొపిలీన్‌లతో కలప నారను కలిపి ఇంటి వసారాలకు పలకలు చేస్తున్నారు. నార పాలు పెరిగేకొద్దీ, తేమ చేరేకొద్దీ వాటి విద్యుద్వాహకత పెరగడం ఈనాటి పరిశోధకులకూ ఎదురవుతున్న సమస్యే. పదార్థాలు మారినా, బేక్‌లాండ్ కాలంనాటి ప్రశ్న మారలేదు: నార ఇచ్చే బలాన్ని తీసుకుంటూ, అది వెంట తెచ్చే నీటిని ఆపడం ఎలా?