పనిముట్టు ఎవరిది? – సాఫ్టువేరు సభలు, కొల్లేటి పాఠం

ఈ మధ్య ఒక ఆదివారంనాడు మా ప్రాంతపు ఇంజనీరింగు విద్యార్థులు కొందరు తమ సమావేశానికి నన్ను రమ్మని పిలిచారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అప్పుడప్పుడు కూడి, తాము నేర్చినదాన్ని ఒకరికొకరు చెప్పుకొనే సభ అది. ఒక ప్రోగ్రాములోని ఇంగ్లీషు మాటలను తెలుగు చేయదలచుకున్నారట. అందుకని తెలుగు మేష్టరు కావలసివచ్చాడు. "సేవ్" అనే మాటకు నేను "భద్రపరచు" అన్నాను. కొల్లేటి లంకనుంచి వచ్చిన ఒక అమ్మాయి, "మా అమ్మకు దాచు అంటే తెలుస్తుందండీ" అన్నది. ఆమె మాటే నిలిచింది. మధ్యాహ్నం ఒక కుర్రవాడు కృత్రిమ మేధతో పనిచేసే కొత్త పనిముట్టు నొకదాన్ని చూపించాడు. కావలసిన దేమిటో నాలుగు వాక్యాల్లో చెప్పగానే అది నిమిషంలో ప్రోగ్రామంతా రాసిపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడా అమ్మాయే లేచి, "రేపు దీనికి నెలనెలా డబ్బు కట్టలేకపోతే ఈ ప్రోగ్రామును మనం సరిచేసుకోగలమా?" అని అడిగింది. సభలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు.

మగ్గం ఎవరిది, భూమి ఎవరిది, అచ్చుయంత్రం ఎవరిది అని అడగడం మనకు అలవాటే. కాని సాఫ్టువేరు దగ్గరకు వచ్చేసరికి, అది నిపుణుల వ్యవహారమని మనం తప్పుకుంటున్నాము. అట్లా తప్పుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతకాలంటే, ఈ పనిముట్లు ఎట్లా పుట్టాయో, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయాయో ముందుగా చరిత్రలో చూడాలి.

కంప్యూటరు పనిముట్లు ఏదో ఒక కంపెనీ గదిలో, ఎవడో ఒక మేధావి బుర్రలో పుడతాయని లోకంలో ఒక నమ్మకం వున్నది. తొలినాటి వాస్తవం వేరు. 1955లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో ఐ.బి.ఎం. యంత్రాలు వాడే సంస్థలవాళ్ళు కూడి "షేర్" అనే సంఘం పెట్టుకున్నారు. షేర్ అంటే పంచుకోవడమే. వాళ్ళలో విమానాల కర్మాగారాల ఇంజనీర్లు చాలామంది. ఒకే లెక్కకు ప్రతి కర్మాగారమూ విడివిడిగా ప్రోగ్రాము రాసుకోవడం దండుగ అని గ్రహించి, రాసినదాన్ని ఉమ్మడి భాండారంలో పెట్టి అందరూ వాడుకొనే ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళు సోషలిస్టులు కారు. అవసరం వాళ్ళను సహకారం వైపు నడిపించింది. ఆనాడు యంత్రమే సరుకు. ప్రోగ్రాము ఇంకా సరుకు కాలేదు.

అది సరుకు కావడానికి ఎంతోకాలం పట్టలేదు. అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్య నేరంపై వ్యాజ్యం వేసిన 1969లోనే, ఐ.బి.ఎం. తన ప్రోగ్రాములకు విడిగా ధర కట్టి అమ్ముతానని ప్రకటించింది. 1975లో కాలిఫోర్నియాలో ఒక మోటారు షెడ్డులో ఔత్సాహికులు కూడి "హోంబ్రూ కంప్యూటర్ క్లబ్" ప్రారంభించారు. సొంతంగా యంత్రాలు బిగించుకోవడం, ప్రోగ్రాములు నకళ్ళు తీసి పంచుకోవడం అక్కడి ఆచారం. 1976 ఫిబ్రవరిలో ఇరవై యేళ్ళ బిల్ గేట్స్ ఆ ఔత్సాహికులకు బహిరంగలేఖ రాసి, పంచుకోవడాన్ని దొంగతనమన్నాడు. కష్టపడి రాసినవాడికి కూలి గిట్టాలి గదా అన్నది అతని వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని రాసినవాడి కూలికీ, కొన్నవాడు విప్పి చూడరాదనే నిషేధానికీ సంబంధ మేమిటి? వడ్రంగికి కూలి ఇవ్వాలంటే, కుర్చీ కాలు విరిగినప్పుడు ఇంటివాడు బాగుచేసుకోరాదని చట్టం చేయనక్కరలేదు.

ఈ నిషేధానికి ఎదురుతిరిగినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983 సెప్టెంబరులో అతడు "గ్నూ" అనే ప్రణాళిక ప్రకటించాడు. 1985లో స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థను స్థాపించాడు. 1989లో ఒక కొత్త తరహా లైసెన్సు వెలువరించాడు. దాని సారాంశం ఇది: ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడవచ్చు, మూలపాఠం చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు; అయితే మార్చి పంచేవాడు ఆ హక్కులనే తరువాతివాడికి కూడా ఇవ్వాలి. మూలపాఠమంటే మనిషి చదివి దిద్దగల రూపం. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు మరుసటి యేడు ఈ లైసెన్సు కిందికే వచ్చింది. వేలాదిమంది కలిసి పనిచేయడానికి కంచెలేని పొలం దొరికింది.

ఇక్కడ మన ప్రశ్నకు సూటిగా సంబంధించిన ఉదంతం ఒకటి వున్నది. దేశదేశాల నుంచి వచ్చే మార్పులను కలిపి జాగ్రత్తపరచడానికి లినక్సు బృందం 2002 నుంచి "బిట్‌కీపర్" అనే పనిముట్టు వాడింది. అది ఒక కంపెనీ సొత్తు; డబ్బు అడగకుండా షరతుల మీద వాడనిచ్చింది. కొందరు హెచ్చరించారు గాని, పని జరుగుతున్నది గదా అని ఊరుకున్నారు. 2005లో కంపెనీ ఆ సదుపాయాన్ని ఉపసంహరించింది. అప్పుడు టోర్వాల్డ్స్ ఏప్రిల్ నెలలో కొద్దిరోజుల్లోనే "గిట్" అనే పనిముట్టు రాసి అందరికీ ఇచ్చాడు. ఈనాడు ఏలూరులోగాని తాడేపల్లిగూడెంలోగాని ప్రోగ్రాములు నేర్చే విద్యార్థి తొలిదినాల్లోనే పట్టే పనిముట్టు అదే. ఎరువు తెచ్చుకున్న పనిముట్టును యజమాని వెనక్కు తీసుకుంటే, కొత్తది చేసుకోగల విద్య ఆ బృందంలో వున్నది గనుక వాళ్ళు నిలిచారు. ఆ విద్య లేకపోతే ఏమయ్యేది?

మన దేశానికి వద్దాం. జ్ఞానాన్ని ఉమ్మడి ఆస్తిగా చేసుకొనే సంప్రదాయం ఆంధ్రులకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణం. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువగట్ల వెంట పల్లెలకు పంపారు. గిడుగు రామమూర్తిగారి ఉద్యమం రాతను జనం భాషలోకి తెచ్చింది. కంప్యూటరు యుగంలో తెలుగక్షరం కూడా ఇట్లాంటి పోరాటమే చేయవలసివచ్చింది. 1991లో యూనికోడ్ తొలికూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, చాలాకాలం ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క అక్షరపద్ధతి పెట్టుకున్నది. ఒకచోట కూర్చిన వ్యాసాన్ని మరొకచోట తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అనే ఖతులు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2005లో హైదరాబాదులో "స్వేచ్ఛ" సంస్థ పుట్టి, తెలుగులో పలికే కంప్యూటరు వ్యవస్థ కోసం పనిచేస్తూ, ఇంజనీరింగు కళాశాలల్లో గ్నూ-లినక్సు బృందాలు ఏర్పరచింది. ఇటీవల తెలుగు కథలను ఆధారం చేసుకొని ఒక చిన్న భాషానమూనా తయారుచేసే పనిలో వేలాది విద్యార్థుల చేత పనిచేయించింది కూడా ఆ సంస్థే.

మా ప్రాంతంలో ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945 నాటిది. ఆ పేరుతోనే ఇంజనీరింగు కళాశాల 1989లో వచ్చింది. తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ 2015లో ఏర్పడింది. నేను చూసిన సభవంటివాటికి ఇప్పుడిక్కడ విద్యార్థులకు కొదవ లేదు. అయితే వాళ్ళు ఏ పొలంలో సేద్యం చేస్తున్నారు? దాని హక్కు ఎవరిది? దీన్ని అర్థం చేసుకోవడానికి కాలిఫోర్నియా కంటె కొల్లేరే మనకు దగ్గర.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ వున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి వచ్చి చేరుతాయి. ఉప్పుటేరు గుండా నీరు సముద్రానికి పోతుంది. లంకల ప్రజలు తరతరాలుగా దోనెలమీద తిరిగి, వలలు వేసి, నీరు తీసినమేర వరి వేసుకొని బ్రతికారు. 1976లో, అంటే గేట్స్ లేఖ రాసిన యేడే, వెంగళరావుగారి ప్రభుత్వం ఇక్కడి పేదలచేత సహకార సంఘాలు పెట్టించి చేపలచెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని గట్టు వేయాలన్నా, పిల్ల వదలాలన్నా, మేత వేయాలన్నా పెట్టుబడి కావాలి. సంఘానికి హక్కు వున్నది గాని పెట్టుబడి లేదు. క్రమంగా చెరువులు లీజుల పేర బయటి ధనికుల చేతికి పోయాయి. కాగితం మీద పేరు సంఘానిది, లాభం లీజుదారుది. సంఘసభ్యుడు తన చెరువుగట్టు మీదనే కాపలాకూలి అయ్యాడు. 1999లో ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు కొట్టివేశారు. పేదల చెరువులూ పోయాయి. తరువాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

హక్కుపత్రం ఒక్కటే చాలదు. పని నడిపే సాధనాలు కూడా చేతిలో వుండాలి అన్నది కొల్లేరు నేర్పిన పాఠం. స్వేచ్ఛా సాఫ్టువేరు చరిత్రలో ఇప్పుడు జరుగుతున్నది దాదాపు ఇదే. గిట్ అందరిది. కాని గిట్‌తో చేసిన పనిని జనం దాచుకొనే ప్రధానమైన కొట్టు "గిట్‌హబ్" 2008లో ఒక కంపెనీగా మొదలై, 2018లో 750 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్టు పరమైంది. ప్రజలు అక్కడ బహిరంగంగా పెట్టిన ప్రోగ్రాముల మీద శిక్షణ పొందిన "కోపైలట్" అనే పనిముట్టును 2021లో చూపించి, 2022 నుంచి నెలసరి రుసుముకు అమ్మసాగారు. తమ లైసెన్సు షరతులను గౌరవించలేదని ప్రోగ్రాములు రాసేవారు కొందరు 2022 నవంబరులో వ్యాజ్యం వేశారు. అందులోని ఆరోపణలను చాలావరకు కింది కోర్టు 2024 నాటికే కొట్టివేసింది. సంఘం పేరు పత్రంలో చెక్కుచెదరలేదు. పంట మాత్రం లీజుదారుడు కోసుకున్నాడు.

ఈ పోలికకు హద్దు వున్నదని ఒప్పుకోవాలి. కొల్లేటి చేపను ఒకరు పడితే మరొకరికి లేదు. ప్రోగ్రామును ఎన్ని నకళ్ళు తీసినా అది తరగదు. అయితే దాన్ని కనిపెట్టుకొని వుండే మనిషి శ్రమ తరుగుతుంది. 2014లో "హార్ట్‌బ్లీడ్" అనే లోపం బయటపడినప్పుడు, లోకంలోని బ్యాంకులూ దుకాణాలూ రహస్యాలకు కాపలాగా పెట్టుకున్న ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రామును వేళ్ళమీద లెక్కించదగినంతమంది, చాలీచాలని విరాళాల మీద సాకుతున్నారని తెలిసింది. 2020 అక్టోబరులో దీనికి విరుద్ధమైన దృశ్యం కనిపించింది. ఉమ్మడి ప్రోగ్రాములకు నాలుగు సవరణలు పంపినవారికి చొక్కా ఇస్తామని ఒక కంపెనీ ఏటేటా జరిపే ఉత్సవంలో, మన దేశపు విద్యార్థులతో సహా ఎందరో ఒక కామానో ఒక మాటనో మార్చి పంపి, నిజంగా పనిచేసేవారిని విసిగించారు. చివరకు నిర్వాహకులు నిబంధనలు మార్చుకోవలసి వచ్చింది. ఆ పిల్లలను నేను నిందించను. పని నేర్పకుండా బహుమానం చూపించే సభ అట్లాంటి పనివాళ్ళనే తయారుచేస్తుంది.

అయితే కొత్త పనిముట్టును వద్దంటున్నారా అని మిత్రులు అడగవచ్చు. లేదు. ఊరి బడి పిల్లవాడికి ఇంగ్లీషు రాకపోయినా తెలుగులో అడిగి ప్రోగ్రాము రాయించుకోగలగడం చిన్న విషయం కాదు. 2023 తరువాత కొన్ని సంస్థలు తాము తయారుచేసిన నమూనాలను దించుకొని సొంత యంత్రం మీద నడుపుకోనిస్తున్నాయి; అది ఒక అడుగు ముందుకే. కాని వాటిలో చాలావాటిని ఏయే పాఠాలతో తయారుచేశారో యజమానులు చెప్పరు. పెద్ద నమూనాలను తయారుచేయగల యంత్రశాలలు ఏ సహకార సంఘానికీ లేవు. కాబట్టి వాడుకుందాం, వాడుతూనే ఎవరిమీద ఆధారపడుతున్నామో తెలుసుకుందాం.

ఇక మన సభలు చేయగల పనులు కొన్ని కళ్ళముందే వున్నాయి. మొదటిది, కొత్త పనిముట్టు రాసిపెట్టిన ప్రోగ్రామును పంక్తి పంక్తిగా చదివి, ఒకరికొకరు వివరించి, చేత్తో దిద్దడం. మా తెలుగు తరగతిలో పద్యానికి ప్రతిపదార్థం చెప్పించేది అందుకే. రెండవది, లైసెన్సును చదవడం; అది మన పని మీద మనం రాసుకొనే దస్తావేజు. మూడవది, స్థానిక అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచింది. ఆ నీరు కొల్లేటికి చేరి లంకల దారులను ముంచెత్తింది. 2004లో మొదలైన "ఓపెన్ స్ట్రీట్ మ్యాప్" అనే ఉమ్మడి పటంలో ప్రతి లంకనూ, ప్రతి గట్టునూ, ప్రతి వంతెననూ తెలుగు పేర్లతో గుర్తించడానికి పెట్టుబడి అక్కరలేదు. ఊరు తెలిసిన విద్యార్థులు చాలు. నాలుగవది, ఉపాధ్యాయులమైన మనం ఆ సభలకు పోవడం. అక్కడ తెలుగు తెలిసినవాడికీ, చరిత్ర తెలిసినవాడికీ పని వున్నది.

ఆ అమ్మాయికి ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబు ఇది: ఆ ప్రోగ్రామును మీలో పదిమంది చదివి అర్థం చేసుకొని వుంటే సరిచేసుకోగలరు, లేకపోతే దాని మీద మీ పేరున్నా సరే సరిచేసుకోలేరు. వచ్చే సమావేశంలో ఆ ప్రోగ్రామునే ముందు పెట్టుకొని చదవాలని వాళ్ళు నిర్ణయించుకున్నారు. నన్ను కూడా రమ్మన్నారు. వెళతాను.