ఆ దీవులు ఖాళీవి కావు

ఈ ఏడాది చరిత్ర వ్యాసానికి మా సాంఘిక శాస్త్రం మాస్టారు చీటీలు తీయించారు. ఒక్కో చీటీలో ఒక్కో దీవి పేరు. నాకు అండమాన్ వస్తే బాగుండును అనుకున్నాను. వచ్చింది హైదా గ్వాయ్. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మాస్టారు నవ్వి, "పటంలో కెనడా పడమటి తీరం చూడు, దొరుకుతుంది" అన్నారు.

దొరికింది. బ్రిటిష్ కొలంబియా ఉత్తర తీరానికి ఎదురుగా, పసిఫిక్ సముద్రంలో నూట యాభైకి పైగా చిన్నా పెద్దా దీవుల గుంపు అది. దాని దక్షిణ భాగం పేరు గ్వాయ్ హానాస్. అక్కడికి రోడ్డు లేదు. పడవలోనో, నీటి మీద దిగే చిన్న విమానంలోనో వెళ్లాలి. వేసవిలో చాలామంది కయాక్ వేసుకుని వెళ్తారు.

కయాక్ అంటే సన్నటి పొడుగాటి పడవ. నడుము దాకా లోపల కూర్చుని, రెండు చివరలా రెక్క ఉన్న తెడ్డు వేస్తారు. ఇది మొదట ఆర్కిటిక్ ప్రాంతపు ఇనూయిట్ ప్రజల వేట పడవ. చెట్లు లేని చోట వాళ్లు కొట్టుకొచ్చిన కర్రతో, తిమింగలం ఎముకతో చట్రం కట్టి, సీల్ చర్మం కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌తో, ఫైబర్‌తో చేస్తున్నారు. గైడు ముందు వెళ్తుంటే ఏడెనిమిది మంది వెనకాల వెళ్తారు. వారం, పది రోజులు దీవి నుంచి దీవికి తిరుగుతూ, రాత్రి ఒడ్డున గుడారాల్లో పడుకుంటారు. అక్కడ పోటుకీ పాటుకీ నీటిమట్టం ఇరవై అడుగులకు పైగా మారుతుంది. గైడు పోటు వేళలు చూసుకోకపోతే తెల్లారేసరికి గుడారంలోకి నీళ్లొస్తాయి. నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి తిండి సామాను వాటికి అందకుండా దాచాలి.

ఇదంతా చదివి "మనుషులు లేని అడవి దీవుల్లో సాహస యాత్ర" అని శీర్షిక పెట్టుకున్నాను. మా తాతకి బొమ్మ చూపించేదాకా అదే నా శీర్షిక.

తాత చూసింది

మాది గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబం. తాత చిన్నప్పటి నుంచీ తెప్ప మీద వేటకి వెళ్లినవాడు. బొమ్మలో ఒడ్డున కయాక్‌లు, వెనకాల చెట్లు ఉన్నాయి. తాత పడవల వంక చూడలేదు. ఒడ్డు వంకే చూశాడు.

"ఇది ఖాళీ చోటు కాదమ్మా. మంచినీళ్ల కాలువుంది. గాలి తగల్దు. పడవ లాగడానికి వాలుంది. ఇలాటి చోట ఊరు లేకండా ఉంటాదేటి?" అన్నాడు.

మర్నాడు మాస్టారితో చెబితే, "అయితే ఊరు ఉందో లేదో వెతుకు. అదే చరిత్ర" అన్నారు. ఆ ఒక్క ఒడ్డు సంగతి నాకు తేలలేదు గానీ, ఆ దీవుల సంగతిలో తాత అన్నది నిజం.

ఊళ్లు ఎలా పోయాయి

అక్కడ వేల ఏళ్లుగా హైదా ప్రజలు ఉన్నారు. వాళ్లది కయాక్ కాదు. ఒకే దేవదారు మానుని తొలిచి పెద్ద పడవలు చేసేవారు. ఇళ్ల ముందు అదే మానుతో ఎత్తైన స్తంభాలు చెక్కి నిలిపేవారు. ఆ స్తంభం చూస్తే ఇంటివాళ్ల వంశం తెలుస్తుంది.

1787లో జార్జ్ డిక్సన్ అనే ఇంగ్లీషు కెప్టెన్ వచ్చి, తన ఓడ పేరు మీద ఆ దీవులకు క్వీన్ షార్లెట్ దీవులు అని పేరు పెట్టాడు. పేరు ఉన్న చోటికే మళ్లీ పేరు పెట్టాడన్నమాట! తర్వాత సముద్రపు నీటికుక్కల చర్మం కోసం ఓడలు వరస కట్టాయి. ఆ చర్మాలు చైనాలో మంచి ధర పలికేవి. వేటాడి వేటాడి ఆ జంతువు అక్కడ లేకుండా పోయింది.

అసలు దెబ్బ 1862లో తగిలింది. విక్టోరియా పట్నంలో మశూచి పుట్టింది. పట్నం పక్కన గుడిసెలు వేసుకున్న ఆదివాసులకు వైద్యం చేయడానికి బదులు వాళ్లను అక్కణ్ణించి తరిమేశారు. వాళ్లతో పాటు జబ్బు కూడా తీరం పొడుగునా ప్రయాణించింది. వేలల్లో ఉన్న హైదా ప్రజలు 20వ శతాబ్దం మొదటికి సుమారు ఆరువందల మంది మిగిలారు. బతికినవాళ్లు ఊళ్లు వదిలి ఓల్డ్ మాసెట్, స్కిడెగేట్ అనే రెండు ఊళ్లలో చేరారు. మిగతా ఊళ్ల మీద నాచు పెరిగింది. ఇప్పుడు చూసేవాళ్లకు అది 'అడవి' అనిపిస్తుంది.

దక్షిణ కొసన ఉన్న స్గాంగ్ గ్వాయ్ అనే ఊళ్లో పాత స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. 1981లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

దారికి అడ్డంగా కూర్చున్నవాళ్లు

ఆ తర్వాత కలప కంపెనీల వంతు వచ్చింది. 1985లో లైయెల్ దీవిలో చెట్లు నరకడం ఆపాలని హైదా ప్రజలు కలప దారికి అడ్డం కూర్చున్నారు. 72 మందిని అరెస్టు చేశారు. మొదట అరెస్టయిన వాళ్లలో పెద్ద వయసువాళ్లు ఉన్నారు. "మీరు వెనక్కి ఉండండి" అని చిన్నవాళ్లు చెప్పినా వాళ్లు వినలేదట! 1987లో నరకడం ఆగింది. ఆ ఏడాదే కళాకారుడు బిల్ రీడ్ ఒకే దేవదారు మానుతో చేయించిన 50 అడుగుల పడవ 'లూ తాస్'ను వాంకూవర్ నుంచి హైదా గ్వాయ్ దాకా తెడ్లు వేసుకుంటూ తీసుకెళ్లారు. ఆ పేరుకి 'అలల్ని తినేది' అని అర్థం.

1993లో కెనడా ప్రభుత్వం, హైదా ప్రజలు ఒక ఒప్పందం రాసుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ కాగితమే. "ఈ నేల మాది" అని ఇద్దరూ పక్కపక్కనే రాశారు. ఆ తగవు తేలకపోయినా, ఇద్దరం కలిసి కాపాడదాం అని సంతకాలు పెట్టారు. తగవు తీరాకే కలిసి పని చేయాలని లేదు కదా.

2010లో దీవులకు హైదా గ్వాయ్ అనే పేరు అధికారికంగా తిరిగొచ్చింది. 2013లో లైయెల్ దీవిలో 42 అడుగుల కొత్త స్తంభం నిలిపారు. గ్వాయ్ హానాస్‌లో అంతకుముందు 130 ఏళ్లలో అలాంటిది ఒక్కటీ నిలపలేదు. కలిసి నిలబడ్డ ఐదుగురి బొమ్మలు కూడా దాని మీద చెక్కారు. 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆ దీవులు హైదా ప్రజలవేనని ఒప్పుకుంది.

ఇప్పుడు కయాక్‌లో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు అక్కడి పద్ధతులు చెప్పే తరగతికి తప్పనిసరిగా కూర్చోవాలి. పాత ఊళ్ల దగ్గర వేసవిలో హైదా కాపలాదారులు ఉంటారు. ఒడ్డు దిగే ముందు వాళ్లను రేడియోలో పిలిచి అనుమతి అడగాలి. ఒకసారికి పన్నెండు మందికి మించి దిగకూడదు. గవ్వచిప్పలు పేర్చిన దారి దాటి అడుగు వేయకూడదు. అక్కడ గుడారం వేయకూడదు. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం ముందు ఆగి పిలుస్తాం కదా, అలాగే.

తిరిగి రాని సంగతి ఒకటుంది. హైదా భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు కొద్దిమందే మిగిలారు. 2018లో ఆ భాషలో ఒక సినిమా తీస్తే, నటించిన హైదావాళ్లే తమ భాషను ముందు నేర్చుకోవలసి వచ్చింది. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మా తరగతిలో పదకొండు మందిమే ఉన్నాం. మా పక్కింటి పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు గానీ జవాబు ఒడియాలో చెబుతారు. ఒడియా మాకూ కావలసిన భాషే. కానీ ఒకటి నేర్చుకోవాలంటే రెండోది వదిలేయాలా?

మా తాతకి సముద్రంలో చోట్ల పేర్లు తెలుసు. చేప దొరికే చోటు, వల చిరిగే చోటు, ఒడ్డు మీది ఏ గురుతు చూసి ఎటు తిప్పాలో ఆ చోటు. అన్నీ తెలుగు పేర్లే. ఏ పటంలోనూ లేవు. ఇప్పుడు రోజూ సాయంత్రం తాత చెబుతుంటే ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. తాత "ఇయ్యెందుకే నీకు, నువ్వేటి వేటకెల్తావా?" అంటాడు. అంటూనే ఇరవయ్యోది చెబుతాడు.