సిఫీని నిలబెట్టిన రాజు వేగేశ్న

1998 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇంటర్నెట్ సేవల్లోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చింది. 1995 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ అప్పటిదాకా ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ చేతిలోనే ఉండేది. కొత్త విధానం రాగానే దేశవ్యాప్త సేవతో ముందుకొచ్చిన తొలి ప్రైవేటు కంపెనీ సత్యం ఇన్ఫోవే. భీమవరం ప్రాంతానికి చెందిన బైర్రాజు రామలింగరాజు హైదరాబాదులో నడుపుతున్న సత్యం కంప్యూటర్స్‌కు అది అనుబంధ సంస్థ. 1995 డిసెంబరులో పుట్టింది. చెన్నైలో ఉండి దాన్ని నడిపినవారు ఆర్. రామరాజ్.

1999 అక్టోబరులో సత్యం ఇన్ఫోవే అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్డాక్‌లో నమోదైంది. అక్కడికి చేరిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అదే. 18 డాలర్లకు అమ్మిన షేరును నాలుగు నెలలు తిరక్కుండానే 320 డాలర్లకు అమ్మగలిగింది. ఈలోగా రాజేశ్ జైన్ స్థాపించిన ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ కాలం గురించి రాసేవాళ్లు చాలామంది ఈ అంకెల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అసలు చరిత్ర షేరు ధర పడిపోయిన తర్వాతే మొదలైందనిపిస్తుంది. ఆ చరిత్రలో ముఖ్యుడు రాజు వేగేశ్న.

వేగేశ్న ఇంటిపేరు గోదావరి జిల్లాలవాళ్లకు పరిచయమే, మనిషి గురించే మనవాళ్లకు తెలిసింది తక్కువ. బెంగళూరు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, అమెరికాలోని వేన్ స్టేట్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివారు. సిలికాన్ వ్యాలీలో ఆయన స్థాపించిన సర్వర్‌వర్క్స్, పెద్ద సర్వర్లలో ప్రాసెసర్లకూ మెమరీకీ మధ్య రాకపోకలు నడిపే చిప్‌లు తయారుచేసేది. ఒక యంత్రంలో అనేక ప్రాసెసర్లు ఒకదాన్నొకటి అడ్డుకోకుండా పనిచేయడం ఆ చిప్‌ల మీదే ఆధారపడి ఉంటుంది. ఈ రంగంలో పోటీ సాక్షాత్తూ ఇంటెల్‌తోనే. అయినా పేరున్న సర్వర్ కంపెనీలు ఆ చిప్‌లు వాడాయి. 2001లో బ్రాడ్‌కామ్ సర్వర్‌వర్క్స్‌ను కొన్నది. షేర్ల రూపంలో కుదిరిన ఆ ఒప్పందం విలువ గరిష్ఠంగా సుమారు 180 కోట్ల డాలర్లని అప్పటి అంచనా. తర్వాత ఆయన స్థాపించిన సర్వర్‌ఇంజిన్స్‌ను 2010లో ఎమ్యులెక్స్ తీసుకుంది.

2005 నవంబరులో సత్యం కంప్యూటర్స్, అప్పటికి సిఫీగా పేరు మారిన సత్యం ఇన్ఫోవేలో తనకున్న సుమారు 31.6 శాతం వాటాను అమ్మేసింది. 6 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కొన్నది వేగేశ్నకు చెందిన ఇన్ఫినిటీ కాపిటల్ వెంచర్స్. ఆయన చైర్మన్ అయ్యారు. అప్పటికి డయలప్ కాలం ముగుస్తోంది, నెట్ సెంటర్లకు గిరాకీ తగ్గబోతోంది. మామూలు వినియోగదారు కంటికి కనిపించే వ్యాపారాన్ని క్రమంగా పక్కకు పెట్టి, సంస్థలకు కావలసిన నెట్‌వర్కులు, డేటా సెంటర్ల వైపు కంపెనీ మళ్లింది. జీవితమంతా సర్వర్ల లోపలి పని చేసిన ఇంజనీరుకు ఈ దారి సహజం. పేరు కూడా 2007లో సిఫీ టెక్నాలజీస్ అయింది. 2009 జనవరి 7న రామలింగరాజు తప్పుడు లెక్కలు ఒప్పుకుంటూ లేఖ రాసినప్పుడు సత్యం కంప్యూటర్స్ కుదేలైంది. వాటా చేతులు మారి అప్పటికే మూడేళ్లు దాటడం సిఫీకి మేలు చేసింది.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో సిఫీ డేటా సెంటరుకూ, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషనుకూ మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. ప్రకటించిన పెట్టుబడి 1,500 కోట్ల రూపాయలు.

ఈ కథలో కోనసీమకూ చోటుంది. రామలింగరాజు కుటుంబం 2001లో స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్, గ్రామ్‌ఐటీ పేరిట ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో కేంద్రాలు తెరిచింది. కంపెనీల ఆఫీసు పనులను ఊళ్లోనే కంప్యూటర్ల మీద చేసిపెట్టే ఏర్పాటది. వాటిలో ఒకటి రావులపాలెం మండలం ఈతకోటలో నడిచింది. చదువుకున్న ఆడపిల్లలు ఇల్లు విడిచి పోకుండా ఉద్యోగం చేయగలగడం డెల్టా పల్లెలకు చిన్న మార్పు కాదు. నాస్డాక్ ధరలు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి, ఈతకోట అనుభవం మాత్రం మనుషుల జ్ఞాపకాల్లోనే ఉంది. అక్కడ పనిచేసినవాళ్లు, రాజోలు, కొత్తపేట, అమలాపురాల్లో తొలి నెట్ సెంటర్లు నడిపినవాళ్లు తమకు తెలిసింది ఇప్పుడే రాసిపెట్టాలని నా విన్నపం.