ద్రాక్షసారా

మా వంటింటి అలమరలో చింతపండు డబ్బా వెనక ఎప్పుడూ రెండు మూడు సీసాలు ఉంటాయి. అమ్మ నెల్లూరు నుంచి వస్తోందంటే అవి గరాజ్‌లోకి వెళ్ళిపోతాయి. యాభై దాటినా అమ్మకు భయపడి సీసాలు దాచుకోవడం ఏమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఆవిడ నవ్వొచ్చు. 1992లో ఆవిడ నెల్లూరు జిల్లాలో లేదు మరి.

ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ సీసాల చరిత్ర చెప్పనివ్వండి. నేను తాగుబోతునని మాత్రం అనుకోకండి. శనివారం రాత్రి అన్నంతో ఒక్క గ్లాసు, అంతే.

మేముండే పాయింట్ కుక్ మెల్‌బోర్న్‌కు నైరుతి దిక్కున సముద్రపు అంచున ఉంది. ఇప్పుడు ఏ వీధిలో నడిచినా తెలుగు వినిపిస్తుంది గాని, ఒకప్పుడు ఇదంతా చర్న్‌సైడ్ కుటుంబంవారి గొర్రెల మేత భూమి. 1857లో కట్టిన వాళ్ళ ఇల్లు ఇంకా నిలిచే ఉంది. అదే దారిన ఇంకా పోతే జీలాంగ్ వస్తుంది. నాకు నచ్చిన మొదటి ఎర్ర వైన్ అక్కడిదే, పీనో న్వార్. చూడ్డానికి మన చారంత పల్చన. తాగితే కూడా చారులాగే, మొదట ఏమీ లేదనిపించి, మింగాక రుచి తెలుస్తుంది.

1840లలో స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు జీలాంగ్‌లో ద్రాక్ష నాటారు. తోటలు బాగా సాగుతుండగా 1877లో, ఊరి పక్కనే ఉన్న ఫయన్స్‌ఫర్డ్‌లో ఫైలోక్సెరా బయటపడింది. పేనంత పురుగు. అమెరికాలో పుట్టింది. వేళ్ళను పట్టి రసం పీల్చేస్తుంది. మందు లేదు. ప్రభుత్వం తోటలన్నీ పీకించేసింది. మళ్ళీ అక్కడ తోటలు లేవడం 1966లో మొదలయింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్క మీద యూరప్ తీగను అంటుకట్టడమే దానికి విరుగుడని ఈలోగా లోకమంతా నేర్చుకుంది. మనం బంగినపల్లి అంటు కట్టినట్టే.

రెండోది తాబిల్క్ షిరాజ్. మెల్‌బోర్న్‌కు ఉత్తరాన నగాంబీ దగ్గర గౌల్‌బర్న్ నది ఒడ్డున ఉంటుంది ఆ తోట. జేమ్స్ బస్బీ అనే ఆయన 1831లో స్పెయిన్, ఫ్రాన్స్ తిరిగి వందల రకాల ద్రాక్ష కొమ్మలు సేకరించి ఆస్ట్రేలియాకు పంపాడు. ఆ తీగల సంతతే ఈ దేశమంతా పాకింది. తాబిల్క్‌లో 1860లో నాటిన షిరాజ్ తీగలు కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. ఇసుక కలిసిన నేల కావడంతో పురుగు వాటి వేళ్ళను చేరలేకపోయింది. ఆ ముసలి తీగల వైన్ నా జీతానికి అందదు, మామూలుదే కొంటాను. మిరియాల ఘాటు ఉంటుంది. నాటుకోడి పులుసుకు భలే జత.

మూడోది గ్రేంజ్. అది దక్షిణ ఆస్ట్రేలియాది. ఒక స్నేహితుడి షష్టిపూర్తిలో ఒక్క గుక్క దక్కింది. పెన్‌ఫోల్డ్స్‌లో పనిచేసే మాక్స్ షూబర్ట్ 1951లో మొదటిసారి దాన్ని చేశాడు. తాగిన పెద్దలు పెదవి విరిచారు. 1957లో ఇక ఆపెయ్యమన్నారు. ఆయన ఆపలేదు. మూడేళ్ళు కంపెనీకి తెలియకుండా చేసి దాచాడు. పాత సీసాలు ముదిరి రుచి తేలాక, 1960లో కంపెనీయే మళ్ళీ చెయ్యమంది. సీసాలు దాచుకునేవాడిగా నాకాయనంటే ప్రత్యేకమైన గౌరవం.

ఇప్పుడు అమ్మ సంగతి. మా చిన్నమామ సారాకే పోయాడు. 1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకూ చేర్చింది. కూలి డబ్బులు సాయంత్రానికి ప్యాకెట్లయ్యేవి. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకు వెళ్ళిన ఆడవాళ్ళే దూబగుంటలో రోశమ్మ ముందుండగా సారాకు ఎదురు తిరిగారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. వేలంపాటలు అడ్డుకున్నవాళ్ళలో, చీపురు పట్టుకుని, మా అమ్మ కూడా ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది.

పోయినసారి అమ్మ వచ్చినప్పుడు తోటలు చూపిస్తానని తాబిల్క్ తీసుకెళ్ళాను. ఏం తోటో చెప్పలేదు. ఆవిడ తొడంత లావున్న మాను మీద చెయ్యి వేసి, “ఎన్నేళ్ళదిరా?” అంది. చెప్పాను. పురుగు కథ కూడా చెప్పాను. నా అంతట నేనే, “ఈ కాయతో చేసేది వైనమ్మా. నేనూ తాగుతా, వారానికొక గ్లాసు” అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది. “ఈడ కూడా వేలం పాడతారా?”

“లేదమ్మా.”

“పురుగు పట్టిందని ఈడ గవర్నమెంటు తోటలే పీకించింది. మాకాడ పురుగును గవర్నమెంటే మేపింది నాయనా. మేం పీకితే మళ్ళా నాటుకున్నారు.”

తిరుగు దారిలో కారులో నేను చరిత్రేమీ చెప్పలేదు. ఇల్లు చేరాక అమ్మే అంది. “ఆ సీసాలు గరాజులో యాడ పెట్టావో నాకు తెల్సులే. పైకి తెచ్చి పెట్టుకో. దాచుకుని తాగేదే మీ మామను తినేసింది.”

తెచ్చి పెట్టాను. చింతపండు డబ్బా వెనక కాదు, పక్కన. అమ్మ ఉన్న మూడు నెలలూ ఒక్కటీ తెరవలేదు.