బర్ట్ మన్రో

బర్ట్ మన్రో (1899 మార్చి 25 - 1978 జనవరి 6) న్యూజీలాండ్ దేశానికి చెందిన మోటారు సైకిలు చోదకుడు, మెకానిక్కు. ఇతని పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. 1920లో కొన్న ఒక సాధారణ ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలును దశాబ్దాల పాటు ఇంటివద్దనే, చాలా భాగం ఉద్యోగం ముగిసిన తరువాత మిగిలిన వేళల్లో, తన చేతులతోనే మార్చుకుంటూ వచ్చి, దానిపై ప్రపంచ వేగపు రికార్డులు నెలకొల్పాడు. 1967లో, 68 ఏళ్ళ వయసులో, 1000 సి.సి. లోపు విభాగంలో ఇతడు సాధించిన రికార్డు మిక్కిలి ప్రసిద్ధి చెందింది.

బాల్యం, వృత్తి

మన్రో న్యూజీలాండ్ దక్షిణ కొనన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జన్మించాడు. ఇతనితో పాటు పుట్టిన కవల సోదరి పుట్టుకలోనే మరణించింది. ఇతడు కూడా రెండేళ్ళకు మించి బతకడని వైద్యులు తల్లిదండ్రులకు చెప్పారు. ఊరికి తూర్పున ఈడెన్‌డేల్ వద్ద ఉన్న కుటుంబ వ్యవసాయ క్షేత్రంలో పెరిగాడు. పొలం పనులపై కంటె వేగంపైనే మనసు ఎక్కువగా ఉండేది. కొంతకాలం ఓటిరా సొరంగ నిర్మాణంలో పనిచేశాడు. తరువాత మోటారు సైకిళ్ళ విక్రేతగా, మెకానిక్కుగా జీవనం సాగించాడు. ఓరెటి సముద్రతీరపు గట్టి ఇసుకపై జరిగే పందేలలో పేరు తెచ్చుకున్నాడు.

ఇండియన్ స్కౌట్

'ఇండియన్' అన్న పేరు చూచి దీనిని భారతదేశపు వాహనమని పొరబడరాదు. ఇది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1901లో మొదలైన సంస్థ తయారు చేసిన వాహనం. స్కౌట్ నమూనాకు రూపకర్త ఐర్లండుకు చెందిన చార్లెస్ ఫ్రాంక్లిన్. ఇందులో 'వి' అక్షరం ఆకారంలో అమర్చిన రెండు సిలిండర్లు ఉంటాయి. ఇంజను పరిమాణం సుమారు 600 సి.సి. మన్రో కొన్న వాహనం గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్ళు (89 కి.మీ.) మాత్రమే. 1926 నుండి అతడు దీనికి మార్పులు చేయడం మొదలుపెట్టాడు. 1936లో కొన్న వెలోసెట్ ఎం.ఎస్.ఎస్. వాహనాన్ని కూడా ఇదే విధంగా తీర్చిదిద్దాడు.

ఇంటివద్ద పనితీరు

మన్రో ధనవంతుడు కాడు. పగలు ఉద్యోగం చేసి రాత్రివేళ వాహనంపై పనిచేసేవాడు. ఒక్కొక్కసారి తెల్లవార్లూ పనిచేసి, నిద్ర లేకుండానే ఉదయం ఉద్యోగానికి వెళ్ళేవాడు. 1940ల చివరిలో ఉద్యోగం మాని, తన గ్యారేజిలోనే నివసించసాగాడు. కొనుగోలు చేయలేని భాగాలను, పనిముట్లను తానే తయారు చేసుకునేవాడు. పాత డబ్బాలనే అచ్చులుగా వాడి లోహాన్ని కరిగించి పోసేవాడు. సూక్ష్మమైన కొలతలకు పాత చక్రపు పుల్లను కొలబద్దగా ఉపయోగించాడు. ఆయన చేసిన మార్పులలో ముఖ్యమైనవి ఇవి:

- సిలిండర్లు, పిస్టన్లు, ఫ్లైవీళ్ళు స్వయంగా తయారు చేశాడు.
- పక్కగా ఉండే వాల్వులకు బదులుగా సిలిండరు పైభాగంలో వాల్వులను అమర్చాడు. రెండు కామ్‌ల స్థానంలో నాలుగు కామ్‌ల ఏర్పాటు చేశాడు.
- పిస్టనును క్రాంకు షాఫ్టుతో కలిపే కనెక్టింగ్ రాడ్డులను ట్రాక్టరు ఇరుసు ఉక్కునుండి చేతితో చెక్కి, కాల్చి గట్టిపరిచాడు.
- పెరిగిన శక్తిని తట్టుకొనడానికి 17 పలకల క్లచ్చిని, మూడు వరుసల చైనును అమర్చాడు.
- సిలిండర్లను క్రమంగా పెద్దవి చేస్తూ ఇంజను పరిమాణాన్ని చివరకు 950 సి.సి. వరకు తెచ్చాడు.

ఇంజను ఎన్నోసార్లు పగిలిపోయింది. పగిలిన భాగాలను పారవేయక గ్యారేజిలో అలమారపై వరుసగా పేర్చి, వాటిని 'వేగదేవునికి నైవేద్యాలు' అని పిలిచేవాడు. ప్రతి పగులూ ఏ భాగం బలహీనమో చూపేది. తరువాతి భాగాన్ని అక్కడ మరింత గట్టిగా చేసేవాడు.

వేగం, గాలి నిరోధం

వేగాన్ని పెంచడానికి ఇంజను శక్తి ఒక్కటే చాలదు. ఎక్కువ వేగంలో వాహనానికి ప్రధాన ఆటంకం గాలి. గాలి నిరోధ బలం వేగపు వర్గానికి, దానిని అధిగమించడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటాయి. అనగా వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. గంటకు 89 కి.మీ. నుండి 296 కి.మీ.కు చేరడమంటే వేగం 3.3 రెట్లు పెరగడం. వాహనపు ఆకారం మార్చకపోతే ఇందుకు సుమారు 37 రెట్ల శక్తి అవసరమవుతుంది. అంత శక్తిని పాత ఇంజనునుండి రాబట్టడం దుస్సాధ్యం. అందుచేతనే మన్రో వాహనాన్ని గాలిని సులువుగా చీల్చుకుపోయే పొడవైన కవచంలో అమర్చి, తాను అందులో బోర్లా వంగి నడిపేవాడు.

బోన్నెవిల్ రికార్డులు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్నెవిల్ ఉప్పు మైదానాలు ఉన్నాయి. పురాతన సరస్సు ఎండిపోగా ఏర్పడిన ఈ చదునైన నేల వేగపు పరీక్షలకు ప్రసిద్ధి. ఇక్కడ రికార్డుగా గుర్తించడానికి ఒకే దారిలో ఎదురెదురు దిశలలో రెండు పరుగులు తీసి, వాటి సగటును లెక్కిస్తారు. దీనివలన వెనుకగాలి ఇచ్చే అనుకూలత తొలగిపోతుంది.

మన్రో బోన్నెవిల్‌కు పదిసార్లు వెళ్ళాడు. మొదటిసారి చూడడానికి మాత్రమే వెళ్ళాడు. 1950ల చివరిలోనే గుండెనొప్పి సోకినా ప్రయత్నం విడువలేదు. అక్కడ అతడు సాధించిన రికార్డులు:

- 1962: గంటకు 178.95 మైళ్ళు (288 కి.మీ.)
- 1966: గంటకు 168.07 మైళ్ళు (270.5 కి.మీ.)
- 1967: గంటకు 183.59 మైళ్ళు (295.45 కి.మీ.)

1967లో అర్హత కోసం ఒకే దిశలో చేసిన పరుగులో గంటకు 190.07 మైళ్ళ వేగం నమోదైంది. అదే సంవత్సరం ఒక పరుగులో వాహనం అదుపు తప్పి ఊగసాగింది. వేగం తగ్గించడానికి మన్రో లేచి కూర్చోగా, గాలి తాకిడికి కళ్ళద్దాలు ఎగిరిపోయి చూపు ఆనలేదు. చివరకు వాహనాన్ని పక్కకు పడవేసి, స్వల్ప గాయాలతో బయటపడ్డాడు.

1967 నాటి సగటు లెక్కలో పొరపాటు ఉన్నట్లు తరువాత ఇతని కుమారుడు గుర్తించాడు. దానిని సరిచేసి 2014లో ఆ రికార్డును గంటకు 184.087 మైళ్ళుగా (296.26 కి.మీ.) ప్రకటించారు. అప్పటికి మన్రో మరణించి 36 సంవత్సరాలు గడిచాయి.

చివరి రోజులు, స్మృతి

1977లో పక్షవాతం రావడంతో అవయవాలపై పట్టు తగ్గింది. వాహనాలు తన ప్రాంతంలోనే ఉండాలన్న కోరికతో రెండింటినీ స్థానిక వ్యాపారి నార్మన్ హేస్‌కు అమ్మాడు. 1978 జనవరి 6న మరణించాడు. ఇన్వర్‌కార్గిల్‌లోని ఇ. హేస్ అండ్ సన్స్ దుకాణంలో ఇతని వాహనాన్ని సందర్శకుల కోసం ప్రదర్శనకు ఉంచారు.

దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్ ఇతనిపై 1971లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. అదే దర్శకుడు 2005లో తీసిన 'ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్' చలనచిత్రంలో ఆంథొనీ హాప్కిన్స్ మన్రో పాత్రను పోషించాడు. 2006లో అమెరికా మోటారు సైకిలు సంఘం తన కీర్తి మందిరంలో ఇతనికి స్థానం కల్పించింది. అదే సంవత్సరం ఇతని పేరుతో ఇన్వర్‌కార్గిల్ ప్రాంతంలో మోటారు సైకిలు పందేల ఉత్సవం మొదలైంది. ఓరెటి తీరంలో జరిగే పందెం ఈ ఉత్సవంలో ఒక భాగం.